తృప్తి లోపలిదైతే కరువు మండలాల జాబితాతో పనేముంది?

మీ ప్రశ్న పొడవుగా ఉంది, కొత్తగా చదివేవాళ్ల కోసం కుదించి చెప్తాను. మీది అనంతపురం జిల్లా నార్పల దగ్గర ఊరు, ఉద్యోగం బెంగళూరులో. ఇంటి దగ్గర చీనీ (బత్తాయి) తోటలో సగం చెట్లు నీళ్లందక ఎండిపోయాయి. మీ నాయన ఎవరి మాటా వినకుండా మళ్లీ బోరు వేయించారు, అదీ ఫెయిలైంది. బ్యాంకు అప్పుతో పాటు బయటి అప్పు కూడా ఉంది. మీరు ఆదివారాలు ధ్యానం క్లాసుకు పోతున్నారు. సంతోషం పరిస్థితుల మీద ఆధారపడదని, మనిషి లోపలే ఉందని అక్కడి గురువుగారు చెప్తారు. మీ రూమ్మేట్ కాలేజీలో యూనియన్‌లో తిరిగిన మనిషి. వ్యవస్థ మారనంత కాలం ఒక్కడి మనశ్శాంతి వట్టి మోసమంటాడు. వీళ్లిద్దరిలో ఎవరి మాట నిజమన్నది మీ మొదటి ప్రశ్న. ఇల్లు అట్లా ఉండగా కళ్లు మూసుకుని కూర్చోవడం తప్పా అన్నది రెండోది.

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. సిలబస్‌లో లేకపోయినా ఈ ప్రశ్నను ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేపేవాళ్లు, ఎక్కువగా పరీక్ష ఫీజు కట్టాల్సిన నెలలో. నేను మీ రూమ్మేట్ వైపే మొగ్గుతాను. అయితే ఆయన చెప్పే కారణం నాకు నచ్చదు. భౌతిక పరిస్థితులు అనగానే మనం చేతిలో డబ్బెంత ఉందని చూస్తాం. మనిషి తృప్తిగా బతకడానికి డబ్బు మొత్తం కంటే ఎక్కువగా పనికొచ్చేవి రెండున్నాయి. రేపటి మీద భరోసా ఒకటి. తన బతుకును తేల్చే నిర్ణయాల్లో తన మాటకు చోటుండటం రెండోది. ఎంత సాధన చేసినా ఈ రెండింటినీ ఎవరూ తనలోంచి పుట్టించుకోలేరు. అవి చట్టం, బడ్జెట్, ఆఫీసు, సంఘం, ఎన్నిక, వీటి గుండా వస్తాయి. కాబట్టి తృప్తికీ రాజకీయానికీ సంబంధం ఉందా అంటే ఉంది, మనం ఒప్పుకునే దానికంటే ఎక్కువే ఉంది.

ముందు గురువుగారి వైపు ఉన్న బలమైన సాక్ష్యం చూద్దాం. ఆ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం సరికాదు. రోమ్ సామ్రాజ్యంలో ఎపిక్టెటస్ అనే ఆయన బానిసగా పుట్టాడు. మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో విడదీసి చూసుకో, లేనిదాని కోసం కుమిలిపోకు అన్నది ఆయన బోధ. అదే స్టోయిక్ మతాన్ని తర్వాత మార్కస్ అరేలియస్ అనే చక్రవర్తి కూడా పాటించాడు. బానిసకూ చక్రవర్తికీ ఒకే బోధ సరిపోయిందంటే అది చిన్న విషయం కాదు. జబ్బు, చావు, ప్రేమలో ఓటమి, ముసలితనం లాంటివి ఏ ప్రభుత్వమూ తీసేయలేదు. అక్కడ ఈ బోధను మించిన తోడు లేదు.

కానీ ఎపిక్టెటస్ తన బడి పెట్టింది బానిసత్వం నుంచి విడుదలయ్యాకే. పైగా బానిసకూ చక్రవర్తికీ సరిగ్గా ఒకేలా సరిపోయే బోధ బానిసత్వం ఎందుకుండాలని ఇద్దరిలో ఎవరినీ అడగనీయదు. నాకు దానితో ఉన్న పేచీ అదే. వాళ్ల కంటే ముందున్న అరిస్టాటిల్ ఇందులో నేల మీద నిలబడ్డాడు. మంచివాడైతే చాలు, చిత్రహింసల చక్రానికి కట్టేసినా సుఖంగానే ఉంటాడనడం అర్థం లేని మాట అన్నాడు. మంచి జీవితానికి స్నేహితులు, కొంత ఆస్తి, ఆరోగ్యం కావాలన్నాడు. ఆ మంచి జీవితానికి అవసరమైన తీరిక బానిసల చాకిరీ నుంచి రావడం మాత్రం ఆయనకు తప్పుగా తోచలేదు. ఎవరి తృప్తి ఎవరి కష్టం మీద నిలబడిందని అడగకపోతే ఎంత తెలివైనవాడైనా అంతదాకానే పోగలడు.

ఇప్పుడు మీ నాయన సంగతి. ఆయన మొండితనం గురించి మీరు రాసింది చదివాక నాకు చెరకు రైతుల మీద జరిగిన ఒక పరిశోధన గుర్తొచ్చింది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు, కోతకు ముందు ఒకసారి, కోత అయ్యాక ఒకసారి, ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షలు పెట్టారు. చెరకు డబ్బు ఏడాదికి ఒకసారే వస్తుంది కాబట్టి కోతకు ముందు చేతిలో ఏమీ ఉండదు, తర్వాత ఉంటుంది. మనుషులు మారలేదు, చదువు మారలేదు, మారింది చేతిలో డబ్బే. అయినా కోతకు ముందు అదే రైతులు పరీక్షల్లో బాగా వెనకబడ్డారు. అప్పు ఎట్లా తీర్చాలి, ఎవరిని అడగాలి అన్న టెన్షన్ బుర్రలో జాగా ఆక్రమించేస్తుంది. మిగిలిన ఆలోచనకు చోటు తగ్గిపోతుంది.

దీన్ని గురువుగారి మాట పక్కన పెట్టి చూడండి. లోపలికి చూసుకో, నిదానంగా శ్వాస గమనించు, వచ్చిన ఆలోచనను పోనివ్వు అంటారు. వీటన్నిటికీ కావలసింది నిలకడగా ఉండే మనసు. వడ్డీ గడువు ముందుగా తినేసేది సరిగ్గా దాన్నే. మనసు లోపల, పరిస్థితి బయట అని మనం గోడ కట్టేస్తాం గానీ అప్పు ఆ గోడను పట్టించుకోదు. మీ నాయన మళ్లీ బోరు వేయించడాన్ని మీరు స్వభావం అనుకుంటున్నారు. నీళ్లు పడితే తోట మొత్తం బతుకుతుంది, పడకపోతే ఎలాగూ పోయేదే అనుకునే దశకు చేరిన మనిషి చేసే లెక్క అది. నాలుగైదేళ్లు పెంచిన చెట్టును కళ్ల ముందు ఎండనివ్వడం కంటే తొమ్మిది వందల అడుగులకు ఇంకో పందెం కాయడమే ఆయనకు తేలికనిపించింది. అదే డబ్బు అప్పు లేకుండా చేతిలో ఉన్నప్పుడు ఆయన అంత లోతుకు పోయేవారు కాదేమో.

మన జిల్లాలో కరువంటే వట్టి పేదరికం అనుకోవడం బయటివాళ్లు చేసే పొరపాటు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అది తక్కువే, కానీ సగటుతో ఎవరూ పంట పండించరు. జూన్‌లో ఒక పదును పడి, శెనక్కాయ విత్తాక ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేస్తే పెట్టుబడి అంతా మట్టిపాలు. అదే వాన కోత నాడు పడితే పీకిన శెనక్కాయ కట్టె కుళ్లిపోతుంది. ఏడాది మొత్తం వాన సగటుకు చేరినా రైతు మునిగే సంవత్సరాలుంటాయి. తక్కువ రాబడికి మనిషి అలవాటు పడతాడు, ఖర్చు తగ్గించుకుంటాడు, కూతురి పెళ్లి ఒక ఏడాది వెనక్కి జరుపుతాడు. ఎంత వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని బతుక్కి మాత్రం అలవాటు పడలేడు. ఎప్పుడూ ఊపిరి బిగబట్టుకునే ఉంటాడు.

కర్నూలు పడమటి వైపు, ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల్లో సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోవడం చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. గుంటూరు వైపు మిరప కోతకూ పత్తి తీతకూ ఇంటికి తాళం వేసి కుటుంబాలకు కుటుంబాలు లారీలెక్కుతాయి. చిన్న పిల్లను ఎత్తుకునేందుకు పెద్ద పిల్లను బడి మాన్పిస్తారు. ఆ పన్నెండేళ్ల పిల్లకు పెద్దయ్యాక నీ సంతోషం నీలోనే ఉందమ్మా అని ఎవరైనా చెప్పొచ్చు. చెప్పేవాళ్లకు ఆ మాట సులువు. పక్షి గూడు కూలదోసి, ఎగరడం నీ రెక్కల్లోనే ఉందిలే అన్నట్టుంటుంది. పిల్ల ఊళ్లో ఉండి చదువుకునేట్టు సీజన్‌లో హాస్టల్ తెరిచి అన్నం పెట్టడం ప్రభుత్వం చేయగలిగిన పని. అది తెరిచిన ఏడాది ఆ పిల్ల జీవితంలో ఒక దారి తెరుచుకుంటుంది. జీవో రావడం ఆలస్యమైన ఏడాది మూసుకుపోతుంది.

మీది నార్పల మండలం కాబట్టి బండ్లపల్లి మీకు తెలిసే ఉంటుంది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అక్కడే మొదలుపెట్టారు. దాంతో ఎవరూ ధనవంతులు కాలేదు. ఎండలో మట్టి తవ్వితే వచ్చే కూలి అది, అదీ ఒక్కోసారి నెలల తరబడి పడేది కాదు. కానీ ఆ చట్టంలో డబ్బు కంటే పెద్ద విషయం ఇంకోటి ఉండేది. ఏడాదికి 100 రోజుల పని అడగడం కుటుంబానికి హక్కయింది. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని రాశారు. అమలులో భృతి ఎంతమందికి అందిందన్నది వేరే కథ. అంతకు ముందు కరువు పనులు ఉండేవి, దొర దయ తలిస్తే వచ్చేవి. ఆ తర్వాత సామాజిక తనిఖీ అని మొదలైంది. మన రాష్ట్రం దాన్ని అందరికంటే గట్టిగా చేసింది. ఎవరి పేరు మీద ఎన్ని రోజుల మస్టరు (హాజరు) వేశారో గ్రామసభలో బయటికి చదువుతుంటే, నేను ఆ వారం పనికే రాలేదు, నా సంతకం ఎవరు పెట్టారని ఒక ముసలామె లేచి అడగడం నేను చూశాను. ఆమెకు రావలసిన డబ్బు పెద్దదేమీ కాదు. కూర్చునేటప్పుడు ఆమె కొంగు సర్దుకున్న తీరులో ఒక ధీమా కనిపించింది. పది మంది మధ్య లేచి మాట్లాడటం ఆమెకు కొత్త.

ఈ ధీమాను కొలిచినవాళ్లున్నారు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనాలు చూడండి. వాళ్లలో తిండికి లేనివాళ్లు ఎవరూ లేరు, అందరికీ నెలజీతమే. అయినా కింది మెట్టు ఉద్యోగులు పైవాళ్ల కంటే ఎక్కువగా గుండె జబ్బుతో చనిపోయారు. 1985లో మొదలైన రెండో విడతలో, చేసే పని మీద తన అదుపు తక్కువగా ఉన్నవాళ్లకు గుండె జబ్బు ఎక్కువని తేలింది. బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్సర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో స్విట్జర్లాండ్ మీద ఇంకో ముక్క చెప్పారు. అక్కడ ప్రాంతాన్ని బట్టి ప్రజలు నేరుగా ఓటేసి చట్టాలను తేల్చే హక్కు ఎక్కువ తక్కువలుగా ఉంటుంది. ఆ హక్కు ఎక్కువున్న చోట మనుషులు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తి చెప్పారు. అదే ఊళ్లో ఉంటూ అవే రోడ్లు, అవే ఆసుపత్రులు వాడుకునే, ఓటు లేని విదేశీయుల్లో ఆ తేడా అంతగా లేదు. సౌకర్యాలు ఇద్దరికీ ఒకటే, కాబట్టి ఆ ఎక్కువ తృప్తిలో కొంత భాగం మాట చెల్లడం నుంచే వచ్చిందన్నది వాళ్ల వాదన. స్విట్జర్లాండ్ లెక్క నార్పలకు ఎంత వర్తిస్తుందని మీరు అడగొచ్చు. ఆ ముసలామెను చూశాక నేను అడగలేదు.

చేసే పనిలోనే ఆనందం ఉందనే వాదం కూడా మీ గురువుగారు చెప్పే ఉంటారు. దానికి ధర్మవరం పోవాలి. పట్టు చీర నేసేవాడికి తన పని మీద ఉండే మమకారం నిజమైనది. కొంగులో జరీ బుటా సరిగ్గా కుదిరిన రోజు ఆయన మగ్గం దిగి, వెనక్కి జరిగి ఒకసారి చూసుకుంటాడు. ఏ సెల్ఫ్ హెల్ప్ ప్రసంగమూ అక్కర్లేదు ఆయనకు. మరి ఆ ఆనందం ఏయే దారాల మీద వేలాడుతోందో విడదీసి చూడండి. ఎక్కువమంది కూలి మగ్గాల వాళ్లే. పట్టు, జరీ షావుకారు ఇస్తాడు, చీరకు ఇంత అని కూలి కట్టిస్తాడు, ఆ కూలి తేల్చేది నేసేవాడు కాడు. కొన్ని రకాల బట్టలు చేనేతకే వదిలేయాలి, మరమగ్గం మీద నేయకూడదని 1985లో పార్లమెంటు చట్టం చేసింది. అమలు చేయాల్సిన అధికారి కళ్లు మూసుకుంటే మరమగ్గం మీద అదే డిజైను చాలా తక్కువ సమయంలో దిగిపోతుంది, కొనేవాళ్లకు తేడా తెలియదు. ముడి పట్టు చైనా నుంచి వస్తే దాని మీద సుంకం ఎంతో ఢిల్లీలో తేలుస్తారు. సుంకం పెంచితే హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు తెచ్చే రైతు మొహం వెలుగుతుంది, ధర్మవరం మగ్గానికి పట్టు ఖరీదు పెరుగుతుంది. తగ్గిస్తే తలకిందులు. రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతో లేదు.

అంటే ఒకరి పనిలో ఆనందం నిలవాలంటే ఒక చట్టం అమలు కావాలి, ఒక సుంకం సరిగ్గా ఉండాలి, కూలి గురించి మాట్లాడే ఒక సంఘం బతికి ఉండాలి. చేనేత కష్టాలు పెరిగిన ఏళ్లలో ధర్మవరంలో ఆత్మహత్యలు జరిగాయి. ఆ మనుషులకు పని మీద ప్రేమ తగ్గి చనిపోయారని ఎవరూ అనరు కదా. చాలామంది కొడుకులకు మగ్గం నేర్పడం మానేశారు. చేతికి వచ్చిన ఒక విద్య, దానితో వచ్చే తృప్తి ఒక ఇంట్లో అట్లా ఆగిపోతుంది. ఇది ఎవరి వ్యక్తిత్వ వికాసంలో లోపం?

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, దాని మీద మీకు ఇంటర్నెట్‌లో ఇప్పటికే బోలెడు దొరికి ఉంటుంది. దేశం మొత్తం ధనికమైనా జనం సగటు సంతోషం అంతగా పెరగలేదని 1974లో ఈస్టర్లిన్ అనే ఆర్థికవేత్త చూపించాడు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని సవాలు చేశారు, తగువు ఇంకా నడుస్తోంది. ఒక ఆదాయం దాటాక రోజువారీ సంతోషం పెరగదని 2010లో కానేమన్, డీటన్ అనే పరిశోధకులు చెప్పారు. 2023లో కానేమనే ఇంకో ఇద్దరితో కలిసి లెక్క తిరగవేసి, చాలామందికి అది పెరుగుతూనే ఉంటుందని, బాగా దిగులుగా ఉన్న కొద్దిమందిలోనే ఒక చోట ఆగిపోతుందని తేల్చాడు. మీకు ఇందులో పనికొచ్చే ముక్క ఈ చివరిదే. మీ జీతం బాగానే ఉన్నా మీకు నిద్ర పట్టడం లేదంటే, జీతంతో తీరే దిగులు కాదది.

మీ అమ్మ గురించి మీరు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగాలి. ఎప్పుడు ఫోన్ చేసినా "నాకేం తక్కువ నాయనా, బాగానే ఉన్నా" అంటారని, మీ నాయన కంటే ఆమెకే లోపలి శాంతి దొరికినట్టుందని రాశారు. ఆమె మాటను గౌరవించండి, కానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. అమర్త్య సేన్ తరచూ ప్రస్తావించే ఒక సర్వే ఉంది. బెంగాల్ కరువు తర్వాత 1944లో కలకత్తా దగ్గర సింగూరులో ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగారు. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది ఒంట్లో బాగాలేదనో, అంతంత మాత్రంగా ఉందనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్లలో ఆ మాట అన్నది 2.5 శాతం. ఆ కాలంలో ఆ ఊళ్లో వితంతువు బతుకు ఎట్లా ఉండేదో ఊహించగలరు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. తమకు ఇంతకంటే దక్కుతుందనే ఆలోచనే లేని చోట మనిషి కొలబద్దను చిన్నది చేసుకుంటాడు, దానితో కొలిస్తే లోటు కనిపించదు.

పట్నం నుంచి వచ్చి మన పల్లెల్లో రెండు ఫొటోలు తీసుకుని, "ఏమీ లేకపోయినా ఎంత నవ్వుతూ ఉన్నారో" అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే. మీ అమ్మను ఇంకో రకంగా అడిగి చూడండి. బాగున్నావా అని అడగవద్దు. మోకాలి నొప్పికి ఆఖరుసారి డాక్టరుకు ఎప్పుడు చూపించావు, బోరు వేసే ముందు నాయన నిన్ను అడిగాడా, నీ పేరు మీద ఏమైనా ఉందా అని అడగండి. జవాబు వేరేగా వస్తుంది. అప్పుడు ఆమె శాంతి ఎంత శాంతో, ఎంత అలవాటో మీకే తెలుస్తుంది.

ఇంత చెప్పాక మీ రూమ్మేట్ గెలిచాననుకుంటాడేమో. ఆయన పొరపాటు ఇంకో చోట ఉంది. వ్యవస్థ మొదట మారాలి, తృప్తి తర్వాత వస్తుందని క్యూలో నిలబెట్టేశాడు. మన చుట్టుపక్కల జరిగింది చూస్తే అట్లా లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టిన ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్నవాళ్లు. అది రాయలసీమ దాకా పాకింది, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఫలితాన్ని మాత్రమే లెక్కిస్తే ఓడిపోయారనాలి. కానీ సారా అంగడి ముందు వరుసగా కూర్చున్న ఆ సాయంత్రాలు వాళ్లకు ఏమిచ్చాయో ఆ ఫలితాన్ని బట్టి తేలదు. అంగడి మూయించడం, పక్కింటామె మొదటిసారి గొంతెత్తడం, తాను రాసిన పేరు తానే చదువుకోవడం, ఇవన్నీ అప్పటికప్పుడు దక్కినవే.

కర్నూలు దగ్గర ఓర్వకల్లు పొదుపు సంఘాలను చూసినా ఇదే అనిపిస్తుంది. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి పేదరిక నిర్మూలన కార్యక్రమం కింద మొదలై, మండలమంతా కలిసి ఒక సమాఖ్యగా నిలబడ్డాయి. రోజుకు రూపాయి పొదుపుతో మొదలైన ఆడవాళ్లు బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడే స్థితికి వచ్చారు. నేను అన్నిటినీ గొప్పగా చెప్పను. తర్వాత సంఘాల పేరు చెప్పి ప్రైవేటు మైక్రోఫైనాన్స్ ఊళ్లలోకి దూరి వారం వారం వసూళ్లతో జనాన్ని కాల్చుకు తింది, 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఒకే గుంపు, ఒకే అప్పు. తీర్మానం తమ చేతిలో ఉన్నప్పుడు అది బలమైంది, వసూలు చేసేవాడి చేతిలోకి పోయినప్పుడు అదే ఉరి అయింది. పరిస్థితిని మార్చే పనిలో నలుగురితో కలిసి దిగడం దానికదే మనిషికి దక్కే పెద్ద తృప్తుల్లో ఒకటి. మీ రూమ్మేట్ యూనియన్ రోజుల గురించి మాట్లాడేటప్పుడు ఆయన మొహం చూడండి, వ్యవస్థ ఏమీ మారకపోయినా. ఆయన వాదనకు ఆయనే ఎదురు సాక్ష్యం.

ఇక మీ రెండో ప్రశ్న. ధ్యానం మానకండి. మీకు ఒక గంట మనసు తేలికపడితే దాన్ని ఎవరి దగ్గరా దొంగిలించలేదు మీరు. మీరు ఆదివారం కుమిలిపోతే నార్పలలో వాన పడదు. ఒక్క హద్దు పెట్టుకోండి చాలు. మీకు నచ్చిన మందును మీ నాయనకు రాసివ్వకండి. అప్పు ఉన్నవాడికి అప్పు లేనివాడు, అందులోనూ కొడుకు, మనసు అదుపులో పెట్టుకోమని చెప్తే అది ఓదార్పుగా వినపడదు, నిందలాగా వినపడుతుంది. ఆయన మాటల్లో బతికేం లాభం అనే ధోరణి ఎప్పుడైనా దొర్లితే మాత్రం ఆలస్యం చేయకండి. టెలీమానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసి వేరే చోట పెట్టించండి.

ఆయన నిద్రకు పనికొచ్చే పనులు వేరే ఉన్నాయి. ప్రభుత్వం ప్రకటించే కరువు మండలాల జాబితాలో మీ మండలం ఉందో లేదో తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి. ఉంటే పంట రుణం రీషెడ్యూల్ చేయించుకునే వీలు రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో ఉంది. బ్యాంకు తానుగా పిలిచి చెప్పకపోవచ్చు, అర్జీ రాసి రసీదు తీసుకోండి. లేకపోతే ఎందుకు లేదని గ్రామసభలో అడగాలి, అదీ ఒక్కరు కాకుండా తోటలు ఎండిన వాళ్లందరూ కలిసి. మీ రూమ్మేట్‌ను ఒక వారం ఊరికి తీసుకుపోండి, వ్యవస్థ గురించి అంత తెలిసినవాడికి అర్జీ రాయడం వచ్చే ఉంటుంది. తోట ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, ఎక్కిందో లేదో కూడా చూడండి, ఎక్కకపోతే ఏ సాయం వచ్చినా మీ ఇంటి గడప దాకా రాదు.

అన్నిటికంటే ముందు ఒక కాగితం మీద అప్పులన్నీ రాయండి. మూడు లక్షల లోపు పంట రుణం గడువులోగా కడితే వడ్డీ రాయితీలు పోను 4 శాతం పడుతుంది. బయట నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మీ జీతం మీద మీకు వచ్చే పర్సనల్ లోన్ సాధారణంగా ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది కాబట్టి, బయటి అప్పును దానిలోకి మార్చుకుంటే వడ్డీ భారం కొంత దిగుతుంది. అయితే ఆయనకు చెప్పకుండా మీరే తీర్చేసి, ఇక మీరేమీ పట్టించుకోవద్దు అనకండి. కాగితం ఆయన ముందు పెట్టి ఏది ముందు తీర్చాలో ఆయన్నే చెప్పనివ్వండి. ఇంకో బోరు మాట కూడా అప్పుడే తేల్చుకోండి, మీ అమ్మ కూడా పక్కన కూర్చున్నాక.